రక్తం చెప్పే సాక్ష్యాన్ని ఎంతవరకు నమ్మాలి?

రేడియేషన్ వల్ల ఆరోగ్యం పాడైందని ఒకరంటారు. అబ్బే, ఏమీ కాలేదని ఇంకొకరంటారు. అణు విద్యుత్ కేంద్రం గురించైనా, యురేనియం గని గురించైనా, చివరికి సెల్ టవర్ గురించైనా వాదన ఇక్కడికే వచ్చి ఆగుతుంది. అప్పుడు ఎవరో ఒకరు "రక్తపరీక్షలో క్రోమోజోములు విరిగినట్టు తేలింది" అనో, "రక్తపరీక్షలో ఏమీ తేలలేదు" అనో ఒక కాగితం చూపిస్తారు. దాంతో నోరు మూసుకోవాలన్నమాట! మా సంఘం సమావేశాల్లో నేను గమనించినది ఒకటుంది. జాతకాన్ని ముక్కలు ముక్కలుగా ప్రశ్నించేవాళ్ళు కూడా లాబరేటరీ రిపోర్టు అనగానే మారు మాట్లాడరు.

లాబరేటరీ రిపోర్టుని నమ్మవద్దని నేను చెప్పడం లేదు. ఎందుకు నమ్ముతున్నామో తెలిసి నమ్మాలి అంటున్నాను. రేడియేషన్ వల్ల రక్తకణాలకు జరిగిన నష్టాన్ని కొలిచే పద్ధతుల చరిత్ర దీనికి మంచి ఉదాహరణ. ఈ పద్ధతులు మనుషుల ప్రాణాలు కాపాడడానికి పనికొచ్చాయి. అవే పద్ధతుల పేరుతో తేలని వాదాలు కూడా నడిచాయి. తేడా ఎక్కడుందో చూద్దాం.

అసలు కొలిచేది ఏమిటి?

ఎక్స్‌రేలు జన్యువులను మారుస్తాయని 1927లో హెర్మన్ ముల్లర్ పండ్ల ఈగల మీద ప్రయోగాలతో చూపించాడు. ఎక్స్‌రేలు క్రోమోజోములను విరగ్గొడతాయనీ, విరిగిన ముక్కలు తప్పుగా అతుక్కుంటాయనీ 1938లో కార్ల్ సాక్స్ ట్రాడెస్కాంషియా అనే పూలమొక్క కణాల్లో చూపించాడు. ఇప్పటికీ రక్తంలో మనం వెతికేది ఈ తప్పు అతుకులనే.

ప్రతి క్రోమోజోముకీ నడుములాంటి ఒక భాగం ఉంటుంది. దాన్ని సెంట్రోమియర్ అంటారు. మామూలుగా క్రోమోజోముకి ఒకే సెంట్రోమియర్ ఉంటుంది. రెండు క్రోమోజోములు విరిగి, ఒకదాని మొండెం ఇంకోదానికి అతుక్కుంటే రెండు సెంట్రోమియర్లున్న వింత క్రోమోజోము తయారవుతుంది. దీన్ని డైసెంట్రిక్ అంటారు. మైక్రోస్కోపులో చూస్తే రెండు నడుములతో కనబడుతుంది కాబట్టి గుర్తుపట్టడం తేలిక. పైగా రేడియేషన్ సోకనివాళ్ళలో ఇవి చాలా అరుదు. సుమారు 1000 కణాలు వెతికితే ఒకటి దొరుకుతుంది, ఒక్కోసారి అదీ దొరకదు. గామా కిరణాలు తక్కువ సమయంలో 1 గ్రే మోతాదులో ఒళ్ళంతా సోకితే అదే 1000 కణాల్లో 60 నుంచి 100 దాకా కనబడతాయి. ఈ తేడాయే మొత్తం పద్ధతికి ఆధారం.

వినడానికి ఇంత సులువుగా ఉన్నా, మనిషి రక్తంలో దీన్ని చెయ్యడం 1960 దాకా సాధ్యం కాలేదు. ఎందుకంటే క్రోమోజోములు కణం విభజన చెందేటప్పుడే విడివిడిగా కనబడతాయి. రక్తంలోని లింఫోసైట్లు అనే తెల్లకణాలు మామూలుగా విభజన చెందకుండా విశ్రాంతిగా ఉంటాయి. రాజ్మా జాతి చిక్కుడు గింజల నుంచి తీసిన ఫైటోహీమగ్లుటినిన్ అనే పదార్థాన్ని అప్పట్లో ఎర్రకణాలను ముద్దగా చేసి తొలగించడానికి వాడేవారు. అది లింఫోసైట్లను నిద్రలేపి విభజన చెందేలా చేస్తుందని 1960లో పీటర్ నోవెల్ కనుక్కున్నాడు. అప్పటినుంచి సిరంజితో కాస్త రక్తం తీస్తే చాలు, మనిషి క్రోమోజోములు చూడగలుగుతున్నాం.

కన్ను కూడా నమ్మకాన్నే చూస్తుంది

ఇక్కడ ఒక చిన్న పిట్టకథ చెప్పుకోవాలి. మనిషి కణంలో క్రోమోజోములు ఎన్ని? 1923లో థియోఫిలస్ పెయింటర్ 48 అని తేల్చాడు. తర్వాత 30 ఏళ్ళకు పైగా అందరూ మైక్రోస్కోపులో చూసి 48 లెక్కపెడుతూనే వచ్చారు. టి.సి.సు అనే శాస్త్రవేత్త 1952లో, పొరపాటున నీళ్ళు ఎక్కువ కలిసిన ఉప్పు ద్రావణం వల్ల క్రోమోజోములు చక్కగా విడిపోతాయని గమనించాడు. అంతకు ముందు ఎవరికీ దొరకనంత స్పష్టమైన దృశ్యం ఆయనకి దొరికింది. అయినా ఆయన కూడా 48 అనే రాశాడు! జో హిన్ జియో, ఆల్బర్ట్ లెవాన్ అనే ఇద్దరు స్వీడన్‌లో పనిచేస్తూ 1956లో ప్రకటించేదాకా 46 అన్న సంగతి బయటపడలేదు.

వీళ్ళెవరూ మోసగాళ్ళు కారు, మూర్ఖులూ కారు. ముందే జవాబు తెలుసనుకున్న మనిషి కంటికి ఆ జవాబే కనబడింది, అంతే. రక్తంలో డైసెంట్రిక్‌లు లెక్కపెట్టేది కూడా మనిషి కన్నే. రెండు క్రోమోజోములు ఒకదాని మీద ఒకటి పడినా డైసెంట్రిక్ లాగే కనబడవచ్చు. "ఇది రేడియేషన్ సోకినవాడి రక్తం" అని ముందే తెలిస్తే అనుమానాస్పదమైనవన్నీ లెక్కలోకి వస్తాయి. "ఇది మామూలు మనిషి రక్తం" అని తెలిస్తే అవే అనుమానాస్పదమైనవి పక్కకు పోతాయి. ఈ రోజుల్లో కణాలను వెతికిపెట్టే కంప్యూటర్ ప్రోగ్రాములు ఉన్నాయి గానీ, చాలా చోట్ల ఆఖరి మాట ఇప్పటికీ కన్నుదే.

దీనికి విరుగుడు హేతువాదులకు బాగా తెలిసినదే. 2008లో జయంత్ నార్లికర్ బృందం మహారాష్ట్రలో జ్యోతిష్కులకు పరీక్ష పెట్టింది. చదువులో చురుకైన పిల్లల జాతకాలు, మానసిక వికలాంగులైన పిల్లల జాతకాలు కలిపి 200 తీసుకుని, ఎవరివో చెప్పకుండా నంబర్లు వేసి పంపారు. జవాబులు పంపిన 27 మంది జ్యోతిష్కులు సరిగ్గా చెప్పినవి 46 శాతం. బొమ్మా బొరుసూ వేసినా అంతకన్నా కాస్త మెరుగ్గా వచ్చేది! జ్యోతిష్కుడికి మనం పెట్టిన ఈ షరతే రక్తం స్లైడ్లు చూసేవాడికీ పెట్టాలి. స్లైడు మీద నంబరు తప్ప ఏమీ ఉండకూడదు. అది ఎవరి రక్తమో లెక్క అయ్యాకే తెలియాలి. సైన్స్‌కి ఇందులో మినహాయింపు లేదు. నిజానికి సైన్స్ ఈ షరతును తనకు తాను పెట్టుకుంటుంది కాబట్టే జ్యోతిషానికీ దానికీ తేడా వచ్చింది.

లాబరేటరీలు ఒకదానితో ఒకటి కలవని రోజులు

1962లో అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో మైకేల్ బెండర్, గూచ్ అనే ఇద్దరు ఈ పద్ధతికి పునాది వేశారు. పరీక్షనాళికలోని రక్తానికి కొలిచిన మోతాదులో ఎక్స్‌రేలు పెట్టి, ఎంత మోతాదుకి ఎన్ని డైసెంట్రిక్‌లు వస్తాయో లెక్కపెట్టారు. 1958లో అక్కడే వై-12 కర్మాగారంలో జరిగిన ప్రమాదంలో రేడియేషన్ సోకిన కార్మికుల రక్తాన్ని కొన్నేళ్ళ తర్వాత చూస్తే, దెబ్బతిన్న క్రోమోజోములు ఇంకా కనబడ్డాయి. అంటే బ్యాడ్జీ లేకపోయినా రక్తమే బ్యాడ్జీగా పనిచేస్తుందన్నమాట. ఆలోచన గొప్పది.

కానీ అనేక దేశాల్లో లాబరేటరీలు ఇదే పని మొదలుపెట్టేసరికి ఒక చిక్కు వచ్చింది. అదే మోతాదుకి ఒకరి లెక్కకీ ఇంకొకరి లెక్కకీ పొంతన లేదు. కారణాలు వెతికితే ఒకటి ఇలా తేలింది. రక్తాన్ని కొందరు 48 గంటలు పెంచి చూస్తున్నారు, కొందరు 72 గంటలు. డైసెంట్రిక్ ఉన్న కణం విభజన చెందేటప్పుడు రెండు నడుములూ రెండు వైపులకు లాగడం వల్ల చాలాసార్లు చచ్చిపోతుంది, లేదా డైసెంట్రిక్‌నే పోగొట్టుకుంటుంది. 72 గంటలు ఆగితే చాలా కణాలు రెండో విభజనలోకి వెళ్ళిపోతాయి కాబట్టి లెక్క తగ్గుతుంది. 1974లో కణం మొదటి విభజనలో ఉందో రెండోదానిలో ఉందో రంగు ద్వారా పట్టుకునే పద్ధతి వచ్చాక ఈ గొడవ సర్దుకుంది.

ఇలాంటి అనుభవాల నుంచే నియమాలు పుట్టాయి. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1986లో మొదటి మాన్యువల్ ప్రచురించింది. 2004లో దీనికోసం ఐఎస్ఓ ప్రమాణం వచ్చింది. 46 సెంట్రోమియర్లూ కనబడే కణాలనే లెక్కపెట్టాలి, మొదటి విభజనలోని కణాలనే తీసుకోవాలి, ప్రతి లాబరేటరీ తన సొంత ప్రామాణిక గ్రాఫు తయారు చేసుకోవాలి, పుస్తకంలోంచి ఇంకొకరిది ఎత్తుకోకూడదు, నంబర్లు మాత్రమే వేసిన స్లైడ్లతో పని చెయ్యాలి, అప్పుడప్పుడూ ఒకే రక్తాన్ని అనేక లాబరేటరీలకు పంపి ఫలితాలు పోల్చాలి. వీటిలో ఒక్కొక్కటీ ఎక్కడో ఒకచోట బోల్తా పడి నేర్చుకున్నదే.

పద్ధతి గెలిచిన చోట

1987 సెప్టెంబరులో బ్రెజిల్‌లోని గొయానియా నగరంలో, మూతబడిన క్యాన్సర్ చికిత్సా కేంద్రంలో వదిలేసిన యంత్రాన్ని ఇద్దరు పాత ఇనుము కోసం ఊడదీశారు. అందులో సీజియం-137 ఉంది. చీకట్లో నీలంగా మెరిసే ఆ పొడిని బంధువులకీ స్నేహితులకీ పంచుకున్నారు. ఒక చిన్నపాప దాన్ని ఒంటికి పూసుకుంది. ఎవరి దగ్గరా బ్యాడ్జీలు లేవు, ఎవరికి ఎంత సోకిందో చెప్పే దిక్కు లేదు. లక్షమందికి పైగా పరీక్ష కోసం స్టేడియానికి వచ్చారు. వాళ్ళలో 129 మంది రక్తంలో డైసెంట్రిక్‌లు లెక్కపెట్టారు. 21 మందికి 1 గ్రే కన్నా ఎక్కువ, 8 మందికి 4 గ్రేల కన్నా ఎక్కువ సోకినట్టు అంచనా వచ్చింది. ఎవరికి వెంటనే వైద్యం కావాలో, ఎవరిని ధైర్యం చెప్పి ఇంటికి పంపవచ్చో తెలుసుకోవడానికి ఈ లెక్క అక్కరకొచ్చింది.

మన దగ్గర 2010 ఏప్రిల్‌లో ఢిల్లీ మాయాపురి పాత ఇనుము మార్కెట్లో ఇలాంటిదే జరిగింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం వేలంలో అమ్మేసిన గామా యంత్రంలో కోబాల్ట్-60 ఉంది. దాన్ని విప్పినవాళ్ళలో ఒకరు చనిపోయారు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. అక్కడ కూడా బాధితుల రక్తంలో క్రోమోజోముల లెక్కే మోతాదు అంచనాకు ఆధారమైంది.

గొయానియా నుంచి ఇంకో పాఠం కూడా ఉంది. అక్కడ చనిపోయిన నలుగురికీ అంచనా వేసిన మోతాదు 4.5 నుంచి 6 గ్రేల మధ్య ఉంది. 7 గ్రేలు సోకిందని లెక్క తేలిన మనిషి మాత్రం బతికాడు! మోతాదు ఒకేసారి సోకిందా, విడతలవారీగా సోకిందా, ఒళ్ళంతా సోకిందా, కొంత భాగానికా, ఎలాంటి వైద్యం అందింది అన్నవాటి మీద ఫలితం ఆధారపడుతుంది. లెక్క సగటు మోతాదును అంచనా వేస్తుందే గానీ నుదుటి రాతను చెప్పదు.

మోతాదు మరీ ఎక్కువైతే ఈ పద్ధతి అసలు పనిచెయ్యదు. 1999 సెప్టెంబరు 30న జపాన్‌లోని తొకైమురాలో యురేనియం కర్మాగారంలో ప్రమాదం జరిగినప్పుడు, ఎక్కువ సోకిన కార్మికుల రక్తంలో లెక్కపెట్టడానికి తగినన్ని లింఫోసైట్లే మిగల్లేదు. ఉన్న కొద్దిపాటి కణాల క్రోమోజోములను రసాయనంతో బలవంతంగా కుదించి, ఉంగరాల్లా చుట్టుకున్నవాటిని లెక్కపెట్టే ఇంకో పద్ధతి వాడాల్సి వచ్చింది. అంటే కొలబద్దకి పైన ఒక హద్దు ఉంది. కింద కూడా ఉంది. అసలు వివాదాలన్నీ కింది హద్దు దగ్గరే.

కింది హద్దు: ఒక చిన్న లెక్క

పద్ధతి ప్రకారం 500 నుంచి 1000 కణాలు చూస్తే, గామా కిరణాల విషయంలో ఒక మనిషిలో నమ్మకంగా పట్టుకోగలిగే కనీస మోతాదు సుమారు 0.1 గ్రే, అంటే 100 మిల్లీగ్రేలు. ప్రపంచంలో సగటు మనిషికి ప్రకృతి నుంచి ఏడాదికి అందేది 2.4 మిల్లీసీవర్టులు. అంటే 40 ఏళ్ళ సహజ రేడియేషన్ ఒక్కసారిగా మీద పడితే తప్ప ఈ పరీక్షకు ఆనదు. 10 మిల్లీగ్రేలు సోకితే? 1000 కణాల్లో సహజంగా ఉండే 1 కాస్తా 1.3 అవుతుంది. ఆ 0.3 తేడాని కాకతాళీయం కాదని నిరూపించాలంటే లక్ష కణాల స్థాయిలో చూడాలి. ఒక్క మనిషి రక్తంలో ఎవరూ అంత చూడరు.

దీని అర్థం ఏమిటి? ఒక అధికారి వచ్చి "ఈ ఊళ్ళో 20 మందికి రక్తపరీక్ష చేశాం, ఏమీ కనబడలేదు, కాబట్టి రేడియేషన్ లేదు" అంటే ఆయన మాటలో మొదటి రెండు ముక్కలూ నిజం కావచ్చు. మూడోది మాత్రం రాదు. 100 మిల్లీగ్రేల కన్నా ఎక్కువ ఒక్కసారిగా, ఈ మధ్యకాలంలో సోకి ఉండకపోవచ్చు అన్నంతవరకే ఆ పరీక్ష చెబుతుంది. "కనబడలేదు" అంటే "లేదు" అని కాదు. అలాగే ఇద్దరిలో 1000కి 3 కనబడ్డాయి కాబట్టి రేడియేషన్ సోకిందని ఒక ఉద్యమకారుడు అంటే, అదీ చెల్లదు. ఎక్స్‌రేలు, సీటీ స్కాన్‌లు, కొన్ని రసాయనాలు, ఉత్త యాదృచ్ఛికత కూడా అంత పని చెయ్యగలవు.

కేరళ తీరం

కేరళలో కొల్లం జిల్లా చవర, నీండకర తీరం ఇసుకలో మోనజైట్ ఉంది, అందులో థోరియం ఉంది. అక్కడ సహజ రేడియేషన్ ఏడాదికి 1 మిల్లీగ్రే కన్నా తక్కువ నుంచి 45 మిల్లీగ్రేల వరకు ఉంటుంది. ఆ ఇసుక మీద తరతరాలుగా జాలరి కుటుంబాలు బతుకుతున్నాయి.

1976లో ఢిల్లీ ఎయిమ్స్ బృందం 'నేచర్' పత్రికలో ఒక వ్యాసం ప్రచురించింది. ఆ తీరంలో డౌన్ సిండ్రోమ్ ఎక్కువగా ఉందని అందులో రాశారు. రాసినవాళ్ళలో మన శ్రీకాకుళంలో పుట్టిన ప్రముఖ వైద్య శాస్త్రవేత్త వులిమిరి రామలింగస్వామి కూడా ఒకరు. పెద్ద దుమారం రేగింది. విమర్శకులు ఒక విషయం ఎత్తి చూపారు. పోల్చడానికి ఎంచుకున్న ఊళ్ళలో డౌన్ సిండ్రోమ్ కేసు ఒక్కటి కూడా లేదు. కానీ అది ప్రతి జనాభాలోనూ ఎంతో కొంత ఉంటుంది, తల్లి వయసుతో పెరుగుతుంది. అంటే తీరంలో ఎక్కువ ఉందా, లేక పోలిక గుంపులో వింతగా తక్కువ దొరికిందా? ఆ ఒక్క అధ్యయనంతో చెప్పడం కష్టం.

తర్వాత బాబా అణు పరిశోధన కేంద్రం ఆ తీరంలో పుట్టిన పిల్లల బొడ్డుతాడు రక్తాన్ని ఏళ్ళ తరబడి పరీక్షించింది. 1999లో ప్రచురించిన ఫలితాల ప్రకారం 10,230 మంది పిల్లల రక్తంలో 9,63,940 కణాలు చూశారు. రేడియేషన్ ఎక్కువ ఉన్న చోట పుట్టిన పిల్లలకీ, మామూలు చోట పుట్టిన పిల్లలకీ క్రోమోజోముల నష్టంలో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. ఇంత పెద్ద లెక్క ప్రపంచంలో అరుదు. దీన్ని గౌరవించాలి.

గౌరవిస్తూనే రెండు మాటలు గుర్తుంచుకోవాలి. ఒకటి, గర్భంలో ఉండేది 9 నెలలు. ఏడాదికి 45 మిల్లీగ్రేలు ఉన్న చోట కూడా బిడ్డకు అందేది 34కి మించదు, ఎక్కువమందికి అందేది చాలా తక్కువ. కాబట్టి పెద్ద ప్రభావం ఏదీ లేదని ఇది గట్టిగా చెబుతుంది, చిన్న ప్రభావం కూడా లేదని మాత్రం చెప్పలేదు. రెండు, ఆ తీరంలో ఇసుక తవ్వే ప్రభుత్వ సంస్థల్లో ఒకటీ, ఈ పరీక్ష చేసిన కేంద్రమూ ఒకే అణుశక్తి శాఖ కిందివి. అందుకని ఫలితం తప్పు అనడానికి వీల్లేదు, అది కువిమర్శ అవుతుంది. కానీ అలాంటి చోట స్లైడ్లు బయటి లాబరేటరీ కూడా చూస్తే నమ్మకం పెరుగుతుంది. 2009లో కరునాగప్పళ్ళిలో 69,958 మంది మీద వచ్చిన క్యాన్సర్ అధ్యయనం కూడా ఆ రేడియేషన్ వల్ల క్యాన్సర్ పెరిగినట్టు కనబడలేదనే చెప్పింది. వేరే దారిలో వెళ్ళిన లెక్క కూడా ఒకే వైపు చూపడం మంచి సంకేతం.

50 ఏళ్ళ తర్వాత నావికుల రక్తం

1957, 58 సంవత్సరాల్లో బ్రిటన్ పసిఫిక్ మహాసముద్రంలో 'ఆపరేషన్ గ్రాపుల్' పేరుతో అణుపరీక్షలు జరిపింది. న్యూజీలాండ్‌కి చెందిన పుకాకి, రోటోయిటి అనే రెండు ఓడల్లో 551 మంది నావికులు 20 నుంచి 150 నాటికల్ మైళ్ళ దూరంలో ఉన్నారు. తర్వాత వాళ్ళలో అనేకమంది జబ్బులకీ, తమ పిల్లల జబ్బులకీ ఆ పరీక్షలే కారణమని నమ్మారు. ప్రభుత్వం ఒప్పుకోలేదు.

డైసెంట్రిక్‌లు సుమారు 3 ఏళ్ళకొకసారి సగానికి తగ్గిపోతాయి. కాబట్టి పాత రేడియేషన్‌కి వేరే గుర్తు కావాలి. రెండు క్రోమోజోములు ముక్కలు మార్చుకున్నా ఒక్కో నడుమే మిగిలితే దాన్ని ట్రాన్స్‌లొకేషన్ అంటారు. అలాంటి కణం చావదు, కాబట్టి గుర్తు దశాబ్దాలు నిలుస్తుంది. 1980ల చివర్లో క్రోమోజోములకు రంగులు పూసే పద్ధతి వచ్చాక వీటిని పట్టుకోవడం వీలైంది. న్యూజీలాండ్ పరిశోధకులు దీనితో మాజీ నావికుల రక్తాన్ని చూసి 2008లో ఫలితాలు ప్రచురించారు. నావికుల్లో 9,360 కణాలకు 275 ట్రాన్స్‌లొకేషన్లు. పోలిక గుంపులో 9,548 కణాలకు 96. మూడు రెట్లు!

నావికుల సంఘాలకు ఇది ఎంత ఊరటో ఊహించవచ్చు. కానీ అదే పట్టికలో ఇంకో అంకె ఉంది. డైసెంట్రిక్‌లు నావికుల్లో 12, పోలిక గుంపులో 1. 50 ఏళ్ళంటే డైసెంట్రిక్‌లు 16 సార్లు సగం కావాలి. శరీరంలో చేరి ఉండిపోయిన పదార్థం ఏదైనా ఉంటే తప్ప 1957 నాటివి ఒక్కటి కూడా మిగలకూడదు. భాగించి చూడండి. నావికుల్లో 1000కి 1.3. ఇది మామూలు జనంలో ఉండేదానికి దగ్గరే. పోలిక గుంపులో 1000కి 0.1. వింతగా తక్కువ ఉన్నది ఇదీ! కేరళ వ్యాసంలో వచ్చిన ప్రశ్నే ఇక్కడ కూడా వస్తుంది: తేడా బాధితుల్లో ఉందా, పోలిక గుంపులో ఉందా? అయితే ట్రాన్స్‌లొకేషన్ల విషయం వేరు. పోలిక గుంపులో 1000కి 10 అనేది ఆ వయసువాళ్ళలో ఊహించదగినదే, నావికుల 29ని అంత తేలిగ్గా తోసిపుచ్చలేం. ఇవి వయసుతో, పొగతాగడంతో కూడా పెరుగుతాయి. ఇలాంటప్పుడు చెయ్యవలసింది ఒక్కటే, ఇంకొకరు మళ్ళీ చేసి చూడడం.

బ్రిటన్‌లో వెయ్యిమందికి పైగా మాజీ సైనికులు వేసిన కేసును 2012లో సుప్రీంకోర్టు 4–3 మెజారిటీతో తోసిపుచ్చింది. ప్రధాన కారణం కాలపరిమితి దాటిపోవడం. తర్వాత అక్కడి పరిశోధకులు 48 మంది అణుపరీక్షల మాజీ సైనికుల రక్తాన్ని, పరీక్షల దగ్గర లేని 38 మంది మాజీ సైనికుల రక్తంతో పోల్చారు. 2024లో వచ్చిన ఫలితం ప్రకారం మొత్తం మీద తేడా లేదు. ఎక్కువ సోకే అవకాశం ఉందనుకున్న బహు కొద్దిమందిలో మాత్రం కొన్ని సంక్లిష్టమైన మార్పులు ఎక్కువగా కనబడ్డాయి. వీళ్ళు వేరే మనుషులు, వేరే చోట్ల ఉన్నవాళ్ళు. కాబట్టి న్యూజీలాండ్ ఫలితాన్ని ఇది పూర్తిగా రద్దు చెయ్యదు, బలహీనం మాత్రం చేస్తుంది.

ఈ కథలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే అంకె వేరే ఉంది. ఆ పరీక్షల్లో పాల్గొన్న బ్రిటిష్ సిబ్బందిలో సుమారు 20 శాతం మందికే బ్యాడ్జీలతో కొలతలు తీశారు. శరీరంలోకి పోయినదాన్ని కొలిచిన రికార్డులు లేవు. ఆ రోజు చవగ్గా అయిపోయే కొలతను చెయ్యకుండా వదిలేసి, 50 ఏళ్ళ తర్వాత ముసలివాళ్ళ రక్తంలో జవాబు వెతుక్కోవాల్సి వచ్చింది. సాక్ష్యం లేకుండా చేసినవాళ్ళే "సాక్ష్యం ఏది?" అని అడగడం న్యాయం కాదు. అలాగని సాక్ష్యం లేనిదాన్ని ఉందని చెప్పడం సైన్సూ కాదు. నిరూపణ భారం ఎవరి మీద పెట్టాలి అన్నది చట్టం తేల్చవలసిన ప్రశ్న. రక్తం స్లైడు దానికి జవాబు చెప్పలేదు.

మన దగ్గరికి వస్తే

కామెట్ పరీక్ష అని ఇంకొకటి ఉంది. 1984లో స్వీడన్‌లో మొదలై, 1988లో నరేంద్ర సింగ్ బృందం మార్పులు చేశాక ప్రపంచమంతా వ్యాపించింది. దెబ్బతిన్న డి.ఎన్.ఏ. కరెంటు ప్రవాహంలో తోకచుక్కలా సాగుతుంది. చవక, తొందరగా అవుతుంది. కానీ ఈ నష్టంలో చాలా భాగాన్ని కణం గంటల్లో బాగు చేసుకుంటుంది. పైగా తోక పొడుగైంది అంటే డి.ఎన్.ఏ. దెబ్బతిన్నది అనే గానీ, ఏది దెబ్బకొట్టిందో చెప్పదు. రసాయనాలు, ఇన్‌ఫెక్షన్లు, రక్తాన్ని నిలవ చేసిన తీరు కూడా తోకను పొడిగించగలవు. సెల్ టవర్ పక్కనున్న పదిమంది రక్తంలో తోకలు పొడుగున్నాయని ఎవరైనా చెబితే, దాన్ని టవర్‌కి ముడిపెట్టడానికి ముందు చాలా ప్రశ్నలు అడగాలి. టవర్ తరంగాలకు క్రోమోజోమును విరగ్గొట్టే శక్తి లేదన్న సంగతి వాటిలో మొదటిది.

కడప జిల్లా తుమ్మలపల్లెలో యురేనియం వ్యర్థాల చెరువు వల్ల భూగర్భ జలాలు పాడయ్యాయని చుట్టుపక్కల రైతులు ఫిర్యాదు చేశారు. అలాంటి చోట క్రోమోజోముల పరీక్ష చేసి "ఏమీ లేదు" అనడం తప్పు పనిముట్టు వాడడమే. నీళ్ళలోని యురేనియం ముందుగా దెబ్బతీసేది మూత్రపిండాలను, అదీ రసాయనంగా. అక్కడ కొలవాల్సింది బావి నీళ్ళను. ఆ ఫలితాలు అందరికీ కనబడేలా పెట్టాలి.

ఇకమీదట ఎవరైనా రక్తపరీక్ష కాగితం చూపిస్తే, అది మనకు నచ్చిన జవాబైనా నచ్చని జవాబైనా, ఈ ప్రశ్నలు అడుగుదాం.

1. లెక్కపెట్టినవాళ్ళకి అది ఎవరి రక్తమో తెలుసా?
2. మొత్తం ఎన్ని కణాలు చూశారు?
3. పోలిక గుంపు ఎవరు? వాళ్ళలో వచ్చిన అంకె మామూలుగా ఉండాల్సినంత ఉందా?
4. ఆ పరీక్ష పట్టుకోగల కనీస మోతాదు ఎంత? సోకి ఎన్నాళ్ళయింది?
5. వేరే లాబరేటరీ ఎవరైనా మళ్ళీ చేసి చూశారా?

వీటికి జవాబులున్న కాగితాన్ని నమ్ముదాం, అది ప్రభుత్వానిదైనా ఉద్యమకారులదైనా. జవాబులు లేని కాగితం ఎంత పెద్ద సంస్థ ముద్రతో వచ్చినా పక్కన పెడదాం. బాబాల విషయంలో మనం అడిగే ప్రశ్నలు వాళ్ళ మీద కోపంతో అడిగేవి కావు, నిజం కోసం అడిగేవి. అవే ప్రశ్నలు మనవైపు వాళ్ళనీ అడగగలిగినప్పుడే ఆ మాటకి విలువ.